కాపలా కాసే లెక్కే తప్పితే: కెర్నల్‌లో ఇంటిజర్ ఓవర్‌ఫ్లో

2022 జనవరిలో బయటపడిన సీవీఈ-2022-0185 (సీవీఈ అంటే భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) అనే లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) లోపాన్ని ఎన్నిసార్లు చదివినా నన్ను ఒకే విషయం ఆపేస్తుంది. అక్కడ తనిఖీ లేకపోవడం వల్ల ప్రమాదం రాలేదు. తనిఖీ ఉంది, ఉండవలసిన చోటే ఉంది, దాని ఉద్దేశంలోనూ తప్పు లేదు. అయితే ఆ తనిఖీ కూడా ఒక లెక్కే కనుక, అది కాపాడవలసిన సంఖ్యలకు ఏ హద్దులు ఉన్నాయో దానికీ అవే హద్దులు ఉన్నాయి. ఇంటిజర్ ఓవర్‌ఫ్లో, అంటే పూర్ణసంఖ్య తనకిచ్చిన హద్దు దాటి తిరగబడడం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా పెద్ద సంఖ్యల గురించి, మరిచిపోయిన తనిఖీల గురించి మాట్లాడుకుంటాం. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది తనిఖీని ఏ రూపంలో రాశామన్న ప్రశ్న. ఈ వ్యాసం దాని గురించే.

ముందుగా లెక్క స్వభావం. కంప్యూటర్‌లో ప్రతి పూర్ణసంఖ్యకూ ఒక వెడల్పు ఉంటుంది. 16 బిట్ల అన్‌సైన్డ్ (మైనస్ విలువలు లేని) సంఖ్య 65,535 వరకే పోగలదు, 32 బిట్లది 429,49,67,295 వరకు పోగలదు. ఆ పైన ఒకటి కలిపితే ఫలితం సున్నా అవుతుంది, సున్నాలోంచి ఒకటి తీసేస్తే ఫలితం ఆ అతి పెద్ద సంఖ్య అవుతుంది. ప్రాసెసర్ ఈ సంగతిని ఒక ఫ్లాగ్‌లో నమోదు చేస్తుంది గానీ, సీ భాషలో మామూలుగా రాసిన కోడ్ ఆ ఫ్లాగ్ వైపు చూడదు. మామూలు ప్రోగ్రామ్‌లో ఇలా జరిగితే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే చెడుతుంది. కెర్నల్‌లో జరిగితే, యంత్రంలోని ప్రతి ప్రోగ్రామ్‌నూ, ప్రతి వినియోగదారునూ ఒకరి నుంచి ఒకరిని వేరుచేసే గోడే కూలుతుంది.

ఇప్పుడు ఆ 2022 నాటి లోపాన్ని అంకెలతో దగ్గరగా చూద్దాం. ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయడానికి, అంటే దానిలోని ఫైళ్ళను వాడుకునేలా జోడించడానికి, 2019లో, 5.1 వెర్షన్‌లో, కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. అందులో వినియోగదారుడు ఇచ్చే ఆప్షన్లను కెర్నల్ ఒకదాని వెనుక ఒకటి 4096 బైట్ల బఫర్‌లో (తాత్కాలిక మెమరీలో) పేర్చుకుంటూ పోతుంది. ఒక్కో ఆప్షన్‌కు ముందు ఒక కామా రాస్తుంది, చివర సున్నా బైట్ ఒకటి పెడుతుంది. ఆ రెండు బైట్లను దృష్టిలో పెట్టుకుని తనిఖీని ఇలా రాశారు: కొత్త ఆప్షన్ పొడవు, 4096లోంచి 2ను, ఇప్పటికే నిండిన బైట్లను తీసేయగా మిగిలిన దానికంటే ఎక్కువైతే తిరస్కరించు. బఫర్‌లో 4000 బైట్లు నిండి ఉన్నాయనుకుందాం. 4096 − 2 − 4000 అంటే 94. సరిగ్గా 94 బైట్ల ఆప్షన్ వచ్చింది, అనుమతి లభించింది. కామాతో కలిపి నిండిన బైట్లు 4095 అయ్యాయి, చివరి బైట్‌లో సున్నా కూర్చుంది. ఇంతవరకు ఒక్క బైట్ కూడా హద్దు దాటలేదు.

ఆ తర్వాత ఇంకొక ఆప్షన్ వచ్చినప్పుడు 4096 − 2 − 4095 అని లెక్కవేస్తే −1 రావాలి. కాని ఆ లెక్కలో ఉన్నవన్నీ అన్‌సైన్డ్ సంఖ్యలు, వాటిలో మైనస్ ఒకటి అనేదే లేదు. 64 బిట్లలో దాని స్థానంలో వచ్చేది 20 అంకెల సంఖ్య, ఆ వెడల్పులో పట్టే అతి పెద్ద సంఖ్య. ఏ ఆప్షన్ పొడవైనా దానికంటే తక్కువే కనుక తనిఖీ దాటిపోతుంది, ఆప్షన్ బఫర్ అవతలి మెమరీలో పడుతుంది. అక్కడి నుంచి నిండిన బైట్ల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ తనిఖీ మళ్ళీ ఎప్పటికీ అడ్డుపడదు. ఎన్ని బైట్లు రాయాలో, ఏ బైట్లు రాయాలో రెండూ దాడి చేసేవాడి చేతిలోనే ఉంటాయి.

సవరణ ఒక్క వరుస: నిండినది, కొత్తది, 2 కలిపితే 4096 దాటుతుందా అని అడగడం. గణితంలో పాత షరతుకూ కొత్త షరతుకూ తేడా లేదు, ఒక పదాన్ని సమీకరణంలో అటు నుంచి ఇటు మార్చామంతే. యంత్రంలో మాత్రం ఈ రెంటికీ చాలా దూరం ఉంది. అన్‌సైన్డ్ తీసివేత సున్నా దగ్గర తప్పుతుంది, కూడిక ఆ అతి పెద్ద సంఖ్య దగ్గర తప్పుతుంది. ఇక్కడ నిండిన బైట్లు 4095 దాటవు, ఆప్షన్ పేరుకూ విలువకూ చెరి 256 బైట్ల పరిమితిని అంతకుముందే వేరే చోట విధించారు. అంటే కూడిక తన అంచుకు ఎన్నటికీ చేరదు. తీసివేత అంచు మాత్రం సరిగ్గా బఫర్ నిండే చోటే ఉంది. కూడిక ఎప్పుడూ మంచిది, తీసివేత ఎప్పుడూ చెడ్డది అన్న సూత్రం దీనిలోంచి రాదు. పొడవుకు ఏ పరిమితీ లేకపోతే, సూత్రప్రాయంగా ఈ కొత్త షరతు కూడా తిరగబడవచ్చు. విలువలు ఏ అంచుకు దగ్గరగా తిరుగుతున్నాయో చూసుకుని, ఆ అంచును తాకని రూపంలో షరతును రాయవలసి ఉంటుంది.

ఈ లోపాన్ని కనుగొన్నది క్రూసేడర్స్ ఆఫ్ రస్ట్ అనే బృందం. యాదృచ్ఛికమైన సిస్టమ్ కాల్స్‌తో (ప్రోగ్రామ్‌లు కెర్నల్‌ను సేవలు అడిగే పిలుపులతో) కెర్నల్‌ను నిరంతరం పరీక్షించే సిజ్‌కాలర్ అనే సాధనం ద్వారా ఇది వారికి దొరికింది. ఈ మౌంట్ పద్ధతిని వాడుకోవడానికి నిర్వాహక అధికారం ఉండాలన్నది నిజమే. అయితే మామూలు వినియోగదారులు కూడా యూజర్ నేమ్‌స్పేస్‌ను (తమకంటూ విడి అధికారాలుండే పరిధిని) సృష్టించుకోవచ్చని అనుమతించిన యంత్రాల్లో, ఆ నేమ్‌స్పేస్ లోపల ఆ అధికారం ఎవరికైనా వస్తుంది. అందువల్లనే ఇది కంటైనర్లలోంచి (ప్రోగ్రామ్‌లను మిగతావాటి నుంచి వేరుగా నడిపే గూళ్ళలోంచి) బయటపడే మార్గంగా మారింది.

కూడికతో రాసిన తనిఖీకి పాత ఉదాహరణ 2003 నాటిది. ఆ ఏడాది నవంబరులో డెబియన్ అనే లినక్స్ పంపిణీని తయారుచేసే ప్రాజెక్టు సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారు. దొంగిలించిన పాస్‌వర్డ్‌తో ఒక సాధారణ ఖాతాలోకి ప్రవేశించి, అక్కడి నుంచి రూట్ అధికారానికి, అంటే యంత్రం మీద పూర్తి అధికారానికి ఎగబాకారు. అందుకు వాడినది బీఆర్‌కే సిస్టమ్ కాల్ వెనుక ఉన్న లోపం. ప్రాసెస్ తన మెమరీని పెంచమని అడిగినప్పుడు మొదలు చిరునామాకు పొడవును కలిపితే వచ్చే ముగింపు, వినియోగదారుల హద్దుకు లోపలే ఉందా అని కెర్నల్ చూడలేదు. 2.4.23 వెర్షన్‌లో చేరిన సవరణలో రెండు షరతులు ఉన్నాయి. మొత్తం హద్దు దాటుతుందా అన్నది మొదటిది. మొత్తం, మొదలు చిరునామాకంటే చిన్నదయిందా అన్నది రెండవది. కలిపిన తర్వాత వచ్చిన సంఖ్య, కలపక ముందున్న సంఖ్యకంటే తగ్గిందంటే లెక్క తిరగబడిందని అర్థం. ఆ రెండవ షరతు లేకపోతే మొదటిదాన్ని తప్పించుకునే దారి మిగిలే ఉండేది, ఎందుకంటే తిరగబడిన మొత్తం ఎప్పుడూ హద్దుకు లోపలే కనిపిస్తుంది. బాధ కలిగించే సంగతి ఏమంటే, ఈ సవరణ సెప్టెంబరులోనే కెర్నల్ అభివృద్ధి చేసేవారి దగ్గర సిద్ధమైంది, కానీ 2.4.22 వెర్షన్‌లో చేరడానికి అప్పటికే ఆలస్యమైపోయింది. అందరూ దాన్ని ఒక చిన్న దిద్దుబాటుగానే చూశారు, భద్రతా లోపంగా గుర్తించలేదు.

ఈ రెండవ షరతు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. అది అన్‌సైన్డ్ సంఖ్యలకు మాత్రమే నమ్మదగినది. సీ భాష ప్రమాణం ప్రకారం సైన్డ్ (మైనస్ విలువలు కూడా పట్టే) సంఖ్య హద్దు దాటితే ఏం జరగాలో నిర్వచనమే లేదు. అటువంటిది జరగనే జరగదని కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే సాధనం) భావించి, మనం రాసిన తనిఖీని అనవసరమైనదిగా తీసివేయవచ్చు. సోర్స్‌లో కంటికి కనిపించే కాపలా, తయారైన బైనరీలో ఉండకపోవచ్చన్నమాట. లినక్స్ కెర్నల్‌ను కంపైల్ చేసేటప్పుడు అలా భావించవద్దని కంపైలర్‌కు ప్రత్యేకమైన ఆప్షన్ ద్వారా చెబుతారు. కెర్నల్ బయట డ్రైవర్ లైబ్రరీలు రాసేవారు ఆ ఆప్షన్ తమ దగ్గర కూడా ఉందనుకోవడం ప్రమాదకరం.

గుణకారం విషయానికొస్తే, కథ దాదాపు ఎప్పుడూ మెమరీ కేటాయింపు దగ్గరే నడుస్తుంది. 2010లో బెన్ హాక్స్ కనుగొన్న సీవీఈ-2010-2959, వాహనాల్లో వాడే క్యాన్ నెట్‌వర్క్ ప్రోటోకాల్ కోడ్‌లో ఉండేది. ఎన్ని ఫ్రేములు కావాలో వినియోగదారుడు 32 బిట్ల సంఖ్యగా చెబుతాడు, ఒక్కో ఫ్రేముకు 16 బైట్లు. ఆ సంఖ్య 26,84,35,457 అయితే, 32 బిట్ల కెర్నల్‌లో దాన్ని 16తో గుణిస్తే మిగిలేది 16 మాత్రమే. కెర్నల్ ఒక్క ఫ్రేముకు సరిపడా చోటు ఇచ్చి, అందులో ఇరవై ఆరు కోట్లకు పైగా ఫ్రేములు పడతాయని నమ్ముతుంది. ఈ రకానికి మందు 2012లో వచ్చిన కేమాలాక్-అర్రే వంటి ఫంక్షన్లు. సంఖ్యను, పరిమాణాన్ని విడివిడిగా తీసుకుని, గుణకారం హద్దు దాటితే మెమరీ ఇవ్వకుండా ఖాళీ పాయింటర్ (ఏ మెమరీ చిరునామానూ చూపని విలువ) ఇస్తాయి. 2018లో 4.18 వెర్షన్‌తో, కెర్నల్ భద్రత మీద పనిచేసే కీస్ కుక్ ఈ పద్ధతిని కెర్నల్ మొత్తానికీ విస్తరించారు. చేత్తో రాసిన గుణకారాలను వెతికి, సాధనాల సాయంతో మార్చి, స్ట్రక్ట్-సైజ్ వంటి సహాయక మాక్రోలను ప్రవేశపెట్టారు. పేరు ప్రఖ్యాతులు తెచ్చే పని కాదది, అయినా కెర్నల్ భద్రతలో అంత విలువైన శ్రమ కొద్దిగానే జరిగిందని నేను నిజంగా నమ్ముతాను.

ఇంతవరకు చెప్పినవన్నీ యంత్రం లోపల ఉన్నవాడు చేసే దాడులు. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌కు చెందిన జోనథన్ లూనీ బయటపెట్టిన సాక్ పానిక్, అంటే సీవీఈ-2019-11477, బయట ఎక్కడో ఉన్నవాడు కొన్ని ప్యాకెట్లతో సర్వర్‌ను పడగొట్టగల లోపం. దీని అంకెలను కాగితం మీద వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. లినక్స్‌లో ఒక సాకెట్ బఫర్ (నెట్‌వర్క్ డేటాను ఉంచే చోటు) 17 ముక్కల వరకు డేటాను పట్టుకోగలదు, ఎక్స్86 యంత్రాల మీద ఒక్కో ముక్క 32 కిలోబైట్ల వరకు ఉండవచ్చు. ఆ డేటా నెట్‌వర్క్ మీద ఎన్ని సెగ్మెంట్లుగా (విడివిడిగా పంపే తునకలుగా) పోతుందో లెక్కపెట్టే కౌంటర్‌కు 16 బిట్లు ఇచ్చారు. సాధారణంగా ఒక్కో సెగ్మెంట్‌లో వెయ్యి బైట్లకు పైనే డేటా ఉంటుంది కనుక ఆ కౌంటర్ కొన్ని వందలు కూడా దాటదు. అయితే సెగ్మెంట్ పరిమాణం ఎంత ఉండాలో అవతలి పక్షం కూడా చెప్పవచ్చు. లినక్స్ అంగీకరించే కనిష్ఠం 48 బైట్లు, అందులో 40 బైట్లు టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటాను చేరవేసే ప్రోటోకాల్) ఆప్షన్లకే పోతే డేటాకు మిగిలేది 8. 17 ముక్కలను 32,768తో గుణించి 8తో భాగిస్తే 69,632 సెగ్మెంట్లు వస్తాయి. కౌంటర్ పట్టేది 65,535. అవతలి పక్షం సెలెక్టివ్ అక్నాలెడ్జ్‌మెంట్లను (ఏ భాగాలు అందాయో చెప్పే సందేశాలను, పొట్టిగా సాక్) ఒక క్రమంలో పంపుతూ పోతే కెర్నల్ తన బఫర్లను కలుపుతూ పోతుంది, కౌంటర్ తిరగబడుతుంది, లెక్క కుదరలేదని గుర్తించిన ఒక అంతర్గత తనిఖీ కెర్నల్‌నే ఆపేస్తుంది.

ఇక్కడ కోడ్ రాసినవారి ఊహ ఏమిటో స్పష్టంగా కనిపిస్తుంది. 17 అనేది కెర్నల్ నిర్ణయం, 32 కిలోబైట్లు కూడా కెర్నల్ నిర్ణయమే. భాజకం మాత్రం ఎక్కడో ఉన్న అపరిచితుడిది. వెడల్పు నిర్ణయించేటప్పుడు ఆ భాజకం సహేతుకంగా ఉంటుందని అనుకున్నారు. 2009 నాటి 2.6.29 వెర్షన్ నుంచి పదేళ్ళ పాటు ఆ ఊహను ఎవరూ పరీక్షించలేదు. సవరణలో, బఫర్లను కలిపే ముందే మొత్తం సెగ్మెంట్లు 65,535 దాటతాయేమో చూసి, దాటేలా ఉంటే కలపకుండా వదిలేసే ఏర్పాటు చేశారు. దానితోపాటు అతి చిన్న సెగ్మెంట్లను నిర్వాహకులు నిరాకరించగలిగేలా కొత్త సిస్‌కంట్రోల్ (నిర్వాహకులు మార్చగల కెర్నల్ సెట్టింగ్) ఒకటి వచ్చింది.

కౌంటర్ల విషయంలో ఇంకో రకం కూడా ఉంది. 2016 జనవరిలో పర్సెప్షన్ పాయింట్ అనే సంస్థ వెల్లడించిన సీవీఈ-2016-0728లో గుణకారం గానీ పెద్ద సంఖ్య గానీ లేవు. కెర్నల్‌లో రహస్య కీలను దాచే కీరింగ్ అనే వస్తువును ఎంతమంది వాడుతున్నారో ఒక 32 బిట్ల రిఫరెన్స్ కౌంట్ చెబుతుంది. ఇప్పటికే తన దగ్గర ఉన్న కీరింగ్‌లోనే ప్రాసెస్ మళ్ళీ చేరమంటే, కోడ్ కౌంట్‌ను ఒకటి పెంచి, తగ్గించడం మరిచిపోయేది. ఆ ఒక్క కాల్‌ను 429 కోట్ల సార్లకు పైగా పిలిస్తే కౌంట్ సున్నాకు వస్తుంది. ఎవరూ వాడటం లేదనుకుని కెర్నల్ ఆ వస్తువును విడుదల చేస్తుంది, ప్రాసెస్ చేతిలో దాని పాయింటర్ ఇంకా ఉంటుంది. అన్ని కోట్ల సార్లంటే అసాధ్యమనిపిస్తుంది గానీ, మామూలు ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద అరగంటలో అయిపోయిందని ఆ సంస్థ చూపించింది. ఒక సంఖ్య చాలా పెద్దదన్న కారణంతో దాన్ని హద్దుగా నమ్మే ముందు, ప్రాసెసర్ దాన్ని ఎంత సేపట్లో చేరుకుంటుందో లెక్కవేయాలి. 2017లో 4.11 వెర్షన్‌తో రిఫరెన్స్ కౌంట్ల కోసం ప్రత్యేకమైన రకం వచ్చింది. అది హద్దు దగ్గరకు చేరితే తిరగబడకుండా అక్కడే స్థిరపడిపోతుంది. ఆ వస్తువు ఇక ఎన్నటికీ విడుదల కాదు, కొంత మెమరీ వృథా అవుతుంది. వాడుకలో ఉన్న మెమరీని విడుదల చేయడంకంటే ఆ వృథా ఎంతో నయమన్న ఎంపిక అది, నాకు చాలా నచ్చిన ఎంపిక కూడా.

వీటన్నిటికంటే కంటికి కనిపించనిది వెడల్పు మారడం. 2021 జులైలో క్వాలిస్ సంస్థ వెల్లడించిన సెక్వోయా, అంటే సీవీఈ-2021-33909, లెక్కలు చేసే గుర్తు ఒక్కటి కూడా లేకుండా జరిగిన తప్పు. పరిశోధకులు ఒకదానిలో ఒకటిగా దాదాపు పది లక్షల డైరెక్టరీలు సృష్టించి, మొత్తం పాత్ పొడవును 1 గిగాబైట్ దాటించి, దాన్ని మౌంట్ చేసి, తీసివేసి, ప్రాక్ డైరెక్టరీలో మౌంట్‌ల జాబితాను చూపే మౌంట్‌ఇన్‌ఫో ఫైల్‌ను చదివారు. అంత పొడవైన వరుస పట్టే వరకు కెర్నల్ బఫర్‌ను రెట్టింపు చేసుకుంటూ 2 గిగాబైట్లకు చేరుతుంది. ఆ పరిమాణం 64 బిట్ల అన్‌సైన్డ్ సంఖ్యగా బయలుదేరి, 32 బిట్ల సైన్డ్ ఇంట్‌ను తీసుకునే ఫంక్షన్‌కు చేరేసరికి మైనస్ 214,74,83,648 అవుతుంది. బఫర్ చివరి నుంచి వెనక్కి రాయవలసిన ఆ ఫంక్షన్, బఫర్ మొదలుకంటే 2 గిగాబైట్ల కిందకు పోయి, తొలగించినట్టు తెలిపే పది బైట్ల పదాన్ని అక్కడ రాస్తుంది. ఆ పది బైట్ల నుంచే వారు పూర్తి రూట్ అధికారం సాధించారు. కోడ్‌ను సమీక్షించేవారు ప్లస్‌లను, స్టార్‌లను వెతుకుతారు. ఇక్కడ ఉన్నది మామూలు ఫంక్షన్ కాల్ మాత్రమే. అందుకే నేను సమీక్ష చేసేటప్పుడు లెక్కలకంటే ముందు ఒక ఫంక్షన్ నుంచి ఇంకొక ఫంక్షన్‌కు పోతున్న విలువల రకాలను చూస్తాను.

ఇది లినక్స్‌కు మాత్రమే పరిమితమైన వ్యవహారం కాదు. 2020 మార్చిలో మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా సవరించిన ఎస్ఎంబీ-ఘోస్ట్ అనే లోపంలో, ప్యాకెట్ హెడర్‌లో పంపినవాడే రాసే రెండు 32 బిట్ల సంఖ్యలను విండోస్ కెర్నల్ డ్రైవర్ తనిఖీ లేకుండా కలిపి, ఆ తప్పు మొత్తానికి మెమరీ కేటాయించేది. 2023 జూన్‌లో కాస్పర్‌స్కీ బయటపెట్టిన ఆపరేషన్ ట్రయాంగ్యులేషన్ దాడుల్లో, ఐఫోన్ కెర్నల్‌ను ఛేదించడానికి వాడిన సీవీఈ-2023-32434 కూడా ఇంటిజర్ ఓవర్‌ఫ్లోనే.

మరి ప్రతి తిరగబాటునూ తప్పుగా పరిగణించి, కంపైలరే పట్టుకునేలా చేయవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. చిక్కేమిటంటే, కెర్నల్‌లో చాలా చోట్ల సంఖ్య తిరగబడడమే కావలసిన ఫలితం. టీసీపీ వరుస సంఖ్యలు 32 బిట్లలో తిరుగుతూనే ఉంటాయి, హాష్ ఫంక్షన్లు తిరగబడడం మీదే ఆధారపడతాయి. కాలాన్ని లెక్కపెట్టే జిఫీస్ కౌంటర్ సంగతి మరీ చక్కనిది. 32 బిట్ల యంత్రంలో సెకనుకు వెయ్యి చొప్పున పెరిగితే అది 49 రోజులు దాటాక తిరగబడుతుంది. అన్ని రోజులు పోయాక లోపం బయటపడితే దాన్ని పట్టుకోవడం కష్టం కనుక, యంత్రం మొదలైన 5 నిమిషాలకే తిరగబడేలా ఆ కౌంటర్‌కు మొదటి విలువను కావాలనే పెట్టారు. తిరగబాటును సరిగా లెక్కలోకి తీసుకోని డ్రైవర్ ఏదైనా ఉంటే, పరీక్షించే గదిలోనే దొరికిపోతుంది. 2024లో కీస్ కుక్ అనుకోని తిరగబాట్లను కంపైలర్ ద్వారా పట్టుకునే ప్రతిపాదన తెచ్చినప్పుడు, అన్‌సైన్డ్ సంఖ్యల తిరగబాటు భాషలో స్పష్టంగా నిర్వచించినదే, దాన్ని వాడుకునే కోడ్ సరైన కోడే అని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. నేను ఇద్దరి మాటలోనూ బలం చూస్తాను. ఏ వేరియబుల్ తిరగబడవచ్చో, ఏది తిరగబడకూడదో కోడ్ రాసినవారికి తప్ప ఇంకెవరికీ తెలియదు, ఆ ఉద్దేశాన్ని రాసి పెట్టే చోటు సీ భాషలోని రకాల్లో లేదు. ఆ చోటును కల్పించే ప్రయత్నాలే నాకు సరైన దారిగా తోస్తాయి.

2022 డిసెంబరులో 6.1 వెర్షన్‌తో కెర్నల్‌లోకి ప్రవేశించిన రస్ట్ భాషలో ఆ చోటు ఉంది. తిరగబడాలని కోరే కూడికకు ఒక పేరు, హద్దు దగ్గర ఆగిపోయేదానికి ఒక పేరు, హద్దు దాటితే ఫలితం లేదని చెప్పేదానికి ఇంకో పేరు ఉన్నాయి. మామూలు కూడిక హద్దు దాటితే కెర్నల్‌లో పానిక్ (కెర్నల్ తనను తానే ఆపేసుకోవడం) వచ్చే ఆప్షన్ కూడా ఉంది. అయితే బయటినుంచి వచ్చే ప్యాకెట్‌తో ఆ పానిక్‌ను తెప్పించగలిగితే, మనం మళ్ళీ సాక్ పానిక్ దగ్గరికే చేరుతాం. మెమరీ చెడలేదన్నది ఊరటే గానీ, సర్వర్ మాత్రం పడిపోయి ఉంటుంది. అందుకని బయటినుంచి వచ్చిన విలువతో లెక్క వేసే చోట మామూలు కూడికను వాడకుండా, ఫలితం లేదని చెప్పే రూపాన్నే వాడి, ఆ సందర్భంలో పిలిచినవారికి ఎర్రర్ కోడ్ పంపడమే మేలు. సీ కోడ్‌లో ఇదే పనిని చెక్-యాడ్-ఓవర్‌ఫ్లో, చెక్-మల్-ఓవర్‌ఫ్లో అనే సహాయకాలు చేస్తాయి. అవి లెక్క వేసి, హద్దు దాటిందో లేదో ఒకేసారి చెబుతాయి కనుక, కూడిక రాయాలా తీసివేత రాయాలా, ఏ అంచు దగ్గరగా ఉంది అన్న ఆలోచన సమీక్షించేవారి మీద పడదు. కొత్తగా డ్రైవర్లు రాస్తున్నవారికి నేను మొదట చూపించేది ఆ రెండు మాక్రోలనే.